నీలి పొర

సైదులు గాజు ముక్కలు కడుగుతున్నడు.
సబ్బు, అసిటోన్, మళ్ళా ఇంకేదో స్పిరిటు,
చివరికి క్యానుల నుంచి డిస్టిల్డ్ వాటరు.
ఒకసారి మరిచిపోయి నల్లా కింద పెట్టిండు.
ఆరినంక గాజు మీద తెల్లటి గార,
సైదులు పళ్ళ మీద ఉన్నటువంటిదే.
"మా మర్రిగూడ నీళ్ళ లెక్కనే మేడం,
గాజును గూడ ఇడువయి" అని
పెదవులు తెరవకుండనే నవ్విండు.
ఆ పన్నెండు ముక్కలు పక్కకు పెట్టినం.

నా పనేందని అడిగితే ఇట్ల చెప్త:
వెంట్రుకను నిలువున వెయ్యి చీలికలు చేస్తే ఒక్క చీలిక,
అంత మందం నీలిమందు పొర.
అందులకెళ్ళి కరెంటు పోతదా, పోతే ఎంత.

గాజు గుమ్మటంల గాలంత తోడేసి
గోరంత రేకుపడవల చిటికెడు పొడి కాగబెడితే
కరగకుండనే ఊదారంగు పొగై లేస్తది.
పైన బోర్లా వేలాడే గాజుకు
ఒక్కొక్క అణువు వచ్చి ఆనుకుంటది,
ఆనుకొని పక్కదాని చెయ్యి దేవులాడుతది.
ఆ చేతులు ఎట్ల అందినయన్నదే మా కథంత.

వట్టి గాజు మీద అవి ఎటుబడితే అటు పండినయి,
అంగడి లేచినంక గోనెసంచుల తీరు.
మీటరు ముల్లు కదలలేదు. మిషను తప్పన్నం.
ముందుగాల గాజుకు మైనం పూత పెడితే
లేచి నిలబడ్డయి, వరుసకు వరుస.
ఎక్స్‌రే గీతల ఒక మొన, సన్నగ, నిటారుగ.
అది చూసి నాకు పుట్టపాక యాదికొచ్చింది.

మా పెద్దమ్మ అండాలు
తేలియా రుమాలు నూలును రంగుల ముంచకముందే
నూనెల, ఆముదపు కాయల బూడిద నీళ్ళల
దినాలకొద్ది నానేసి, పిండి, ఆరేసేది.
"నూలు నేర్వాలె బిడ్డా.
నేర్వని నూలుకు రంగు నిలవది."
మైనం గురించి మా గైడు పేపరు ముప్పై పేజీలు.

ఇంకోటి గూడ ఉన్నది.
మా లెక్కలల్ల ఖాళీ అనేదొకటి వస్తది,
ఎలక్ట్రాన్ లేచిపోయిన జాగ.
పక్కది జరిగి అండ్ల కూసుంటే
ఖాళీ ఒక అడుగు అటు పోతది.
చూసెటోళ్ళకు లేనిదే నడుస్తున్నట్టుంటది.
పెద్దమ్మ పోగులకు సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి కట్టేది.
కట్టిన కాడికి రంగు దిగది.
ముడులు ఇప్పితే ఆ తెల్లజాగలన్ని కలిసి
ఏనుగయ్యేది, గడియారమయ్యేది.
ఒక్కసారి విమానమైంది. రెక్క ఒకటి పొట్టి.

వైశాఖంల, రాత్రి ఒంటిగంటకు
నల్లగొండంత కరెంటు పోయింది.
జనరేటరుల డీజిలు లేదు.
పంపు గురక ఆగింది, గుమ్మటంలకు గాలి చొచ్చింది,
నాలుగో బ్యాచు పాయె.
కొన్న పొడి గూడ అదే ఆఖరు. కొత్తది రానీకి ఆరు వారాలు.

పెద్దమ్మ నీలికుండ అంచుకు ఎండి కట్టినదాన్ని
గీకి, కాయితంల మడిచి తెచ్చిన.
గైడుకు చెప్పలే.
మూడుసార్లు ఆవిరిజేసి శుద్ధి చేసిన.
కరెంటు నడిచింది. కొన్నదాంట్ల నూరోవంతు.
గ్రాఫుల గీత అడుగుకు అంటుకొనే పోతున్నది,
ఎండకాలం డిండి వాగు లెక్క.
అయినా ఉన్నది.

ఫోనుల చెప్పిన.
"షాకు కొడ్తదా?"
కొట్టదన్న.
"మరి దేనికి?"
మడతపడే బల్బు, బట్ట మీద టీవీ, ఏదో చెప్పిన.
చెప్తుంటే నాకే నమ్మబుద్ధి కాలే.
ఆమె ఇనలేదనుకుంట. "బోకెలు ఎట్ల తోముతరే?"
అది వైవాల గూడ ఎవ్వలడగరు.
రెండు నెలల సంది సైదులు
గుమ్మటానికి పట్టిన నీలాన్ని అసిటోనుతోని రుద్దుతున్నడు,
చేతులు తెల్లబడ్డయి, నీలం పోతలేదు.
"పిచ్చోళ్ళు. వెచ్చటి నీళ్ళు, జరంత సోడా, జరంత హైడ్రోసు.
నీలం అలిగి పచ్చగైతది. అప్పుడు తుడువుండ్రి."

తుడిచిండు. గుమ్మటంల సైదులు మొఖం కనబడ్డది.
పచ్చటి గుడ్డను కిటికీ ఊచకు ఆరేసి
చాయ తాగనీకి పోయినం.
తిరిగొచ్చేసరికి అంచుల కాడ షురువైంది:
గాలి తగిలినకాడికి నీలం,
మడతల మాత్రం ఇంక పచ్చ.
నేను మడత ఇప్పబోయిన.
"ఉండనియ్యుండ్రి మేడం" అన్నడు సైదులు,
"దానంతటది రానీ."